అరవై సిస్టమ్స్‌కి ఓఎస్ ఎక్కించాలి, ఏ దారి పట్టాలి?

సెమిస్టర్ సెలవులు పది రోజులు. ల్యాబ్‌లో 60 సిస్టమ్స్. చేతిలో నాలుగు పెన్‌డ్రైవ్‌లు, తోడుగా ఒక ల్యాబ్ అసిస్టెంట్. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో గానీ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో గానీ సిస్టమ్స్ చూసుకునేవాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు. ఒక్కో సిస్టమ్‌కి ముప్పావు గంట అనుకుంటే పదిహేను విడతలు, పదకొండు గంటల పైమాటే. అదీ భోజనానికి లేవకుండా, ఎక్కడా తప్పు నొక్కకుండా చేస్తే. ముప్పయ్యో సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే నెక్స్ట్ నొక్కేస్తుంటుంది, టైమ్ జోన్ అమెరికాలోనే ఉండిపోతుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక ఈ పని మీద నాకు వచ్చే ఫోన్లు పెరిగాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్టమ్స్‌లో చాలావాటికి విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రత చిప్ లేదు, ప్రాసెసర్ కూడా ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందుదే. కొందరు లినక్స్‌కి మారుతున్నారు, కొందరు కొత్తవి కొంటున్నారు. ఎటు వెళ్లినా, అన్నిటికీ ఒకేసారి ఓఎస్ ఎక్కించాల్సిందే.

అందరూ మొదట అడిగేది "ఏ టూల్ మంచిది అన్నా?" అని. టూల్ సంగతి తర్వాత. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వంద సిస్టమ్స్ లోపు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పెద్ద పెద్ద మేనేజ్‌మెంట్ టూల్స్ అక్కర్లేదు. ఆ ఓఎస్ తనతో తెచ్చుకునే ఇన్‌స్టాలర్, దానికి ఒక జవాబుల ఫైల్, ఇవన్నీ అందించడానికి ఒక పాత డెస్క్‌టాప్ మీద డీఎన్‌ఎస్‌మాస్క్ (బూట్ ఫైల్ ఎక్కడుందో సిస్టమ్స్‌కి చెప్పేది), ఎన్‌జింక్స్ (ఫైళ్లు అందించే వెబ్ సర్వర్) ఉంటే చాలు. ఈ మాట చెల్లని చోట్లు కొన్ని ఉన్నాయి, అవీ చెబుతాను.

ఇమేజా, జవాబుల ఫైలా?

అసలు ఎంపిక ఇక్కడ ఉంది. ఇమేజ్ అంటే జిరాక్స్. ఒక సిస్టమ్‌ని నచ్చినట్టు తయారుచేసుకుని, దాని డిస్క్‌ని అలాగే మిగతా వాటి మీద అచ్చు కొట్టడం. ఫాగ్, క్లోన్‌జిల్లా చేసేది ఇదే. జవాబుల ఫైల్ దారి వేరు. ఇన్‌స్టాలర్ మామూలుగానే నడుస్తుంది, కానీ అది అడిగే ప్రశ్నలన్నిటికీ సమాధానాలు ముందే రాసిపెట్టి ఉంటాయి. భాష ఏది, డిస్క్ ఎలా విడగొట్టాలి, యూజర్ పేరేంటి, ఏ ప్యాకేజీలు వెయ్యాలి, చివర్లో ఏ స్క్రిప్ట్ నడపాలి అన్నీ అందులోనే. రెడ్‌హ్యాట్ కుటుంబంలో దాన్ని కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్‌లో ప్రీసీడ్, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్, సూసేలో ఆటోయాస్ట్, విండోస్‌లో అన్‌అటెండ్.

జిరాక్స్‌తో చిక్కేమిటంటే, అసలు కాపీలో ఉన్న ప్రతిదీ నకలులోకి వస్తుంది. ఉబుంటు సర్వర్‌ని క్లోన్ చేసినవాళ్లు ఒక వింత చూసే ఉంటారు. రెండు సిస్టమ్స్‌కీ ఎంఏసీ అడ్రస్‌లు, అంటే నెట్‌వర్క్ కార్డ్ నంబర్లు వేరు, అయినా రూటర్ ఒకే ఐపీ ఇస్తుంది. కారణం ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే మెషిన్-ఐడీ అనే చిన్న ఫైల్. ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి తనను తాను పరిచయం చేసుకునేటప్పుడు సిస్టమ్ ఆ ఐడీ నుంచే గుర్తు తయారుచేసుకుంటుంది. క్లోన్‌లో అది కూడా నకలే కాబట్టి రూటర్ దృష్టిలో ఇద్దరూ ఒక్కరే. ఇమేజ్ తీసే ముందు ఆ ఫైల్‌ని ఖాళీ చెయ్యాలి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు తీసేసి ప్రతి సిస్టమ్‌లో మళ్లీ తయారయ్యేలా చూడాలి. విండోస్‌లో ఇదే పనికి సిస్‌ప్రెప్‌ని జనరలైజ్ ఆప్షన్‌తో నడుపుతారు.

రెండో చిక్కు, ఇమేజ్ నిలవ అవుతుంది. జూన్‌లో తీసిన ఇమేజ్‌ని డిసెంబర్‌లో ఎక్కిస్తే ఆరు నెలల అప్‌డేట్లు 60 సిస్టమ్స్ మీద ఒకేసారి దిగుతాయి. ఇమేజ్‌ని నెలనెలా తాజా చేస్తానని ప్రతి అడ్మినూ అంటాడు. నేనూ అన్నాను. జవాబుల ఫైల్ అయితే ఎక్కించే రోజున ప్యాకేజీలు ఏ వెర్షన్ ఉంటే అవే వస్తాయి. ఫైల్ నాలుగైదు కేబీలు ఉంటుంది కాబట్టి గిట్‌లో పెట్టుకుంటే ఎప్పుడు ఏం మార్చామో కూడా తెలుస్తుంది.

మరి ఇమేజ్ ఎప్పుడు గెలుస్తుంది? సిస్టమ్స్ అన్నీ ఒకే మోడల్ అయి, లోపల వెయ్యాల్సిన సాఫ్ట్‌వేర్ బరువైనదై, దాన్ని స్క్రిప్ట్‌తో వెయ్యడం నరకమైనప్పుడు. ఈసీఈ ల్యాబ్‌లో చిప్ డిజైన్‌కి వాడే వివాడో ఒక్కటే పదుల జీబీలు తింటుంది. దాని పక్కన మ్యాట్‌ల్యాబ్, ఇంకో రెండు లైసెన్సు సాఫ్ట్‌వేర్లు ఉంటే జవాబుల ఫైల్ పట్టుకుని వేలాడొద్దు, ఒకసారి చేత్తో సరిగ్గా వేసి ఇమేజ్ తియ్యండి.

అన్నిటికీ ఒకటే పునాది

ఏ దారి ఎంచుకున్నా సిస్టమ్ నెట్‌వర్క్ నుంచి లేవాలి. ఇంటెల్ 1990ల చివర్లో రూపొందించిన పీఎక్స్‌ఈ, మన నోట్లో పిక్సీ, ఇప్పటికీ నడుస్తోంది. సిస్టమ్ ఆన్ కాగానే డీహెచ్‌సీపీని ఐపీ అడుగుతుంది, దాంతో పాటు బూట్ ఫైల్ ఏ సర్వర్‌లో ఉందో, పేరేమిటో తెలుసుకుంటుంది. ఆప్షన్ 66, 67 అని పుస్తకాల్లో ఉండేవి అవే. తర్వాత ఆ ఫైల్‌ని టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైల్ బదిలీ పద్ధతి ద్వారా దించుకుంటుంది.

మన ఆఫీసుల్లో మొదటి అడ్డంకి ఇక్కడే. డీహెచ్‌సీపీ ఇచ్చేది ఇంటర్నెట్ కంపెనీవాళ్లు బిగించి వెళ్లిన డబ్బా. అందులో 66, 67 పెట్టే వీలు చాలాసార్లు ఉండదు, ఉన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో తెలియదు. ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ పెడితే రెండూ కొట్టుకుని మొత్తం ఫ్లోర్‌కి నెట్ పోతుంది. దీనికి మంచి విరుగుడు డీఎన్‌ఎస్‌మాస్క్‌ని ప్రాక్సీ పద్ధతిలో నడపడం. ఐపీలు పాత డబ్బానే ఇస్తుంది, బూట్ ఫైల్ వివరాలు మాత్రం డీఎన్‌ఎస్‌మాస్క్ చెబుతుంది. టీఎఫ్‌టీపీ కూడా అందులోనే ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో పది పన్నెండు లైన్లకి మించదు.

సిస్టమ్‌ని లేపే ఫర్మ్‌వేర్ పాత బయాస్ రకమైనవి, కొత్త యూఈఎఫ్ఐ రకమైనవి కలిసి ఉంటే ఒకే బూట్ ఫైల్ రెండిటికీ పనిచెయ్యదు. సిస్టమ్ తను ఏ రకమో ఆప్షన్ 93లో చెబుతుంది, దాన్ని చూసి వేర్వేరు ఫైళ్లు ఇచ్చేలా డీఎన్‌ఎస్‌మాస్క్‌లో రాసుకోవాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ఫైళ్లని ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న చోట డిస్ట్రో సంతకం ఉన్న షిమ్, గ్రబ్ అనే బూట్ ఫైళ్ల జంటతో వెళ్లడం మంచిది. లేదంటే సెక్యూర్ బూట్ ఆపుకుని, పిక్సీకి మెరుగైన రూపమైన ఐపీఎక్స్‌ఈ వాడొచ్చు.

ఐపీఎక్స్‌ఈ గురించి ఒక మాట ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అది పని సగం తగ్గిస్తుంది. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది, ప్రతి ముక్కకీ అటునుంచి "అందింది" అన్న జవాబు వచ్చాకే తర్వాతది పంపుతుంది. ముక్క సైజు పెంచుకునే ఏర్పాటు తర్వాత వచ్చింది గానీ పెద్ద ఫైళ్లకి అది తగిన వాహనం కాదు. ఐపీఎక్స్‌ఈ ఒక చిన్న ఫైల్‌గా టీఎఫ్‌టీపీ మీద వచ్చి, అక్కణ్నుంచి మిగతా అంతా హెచ్‌టీటీపీ మీద లాగుతుంది. మెనూలు, షరతులు కూడా రాసుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం. మేనేజ్డ్ స్విచ్ ఉన్న ల్యాబ్‌లో "పిక్సీకి ఐపీ రావట్లేదు, విండోస్‌లో మాత్రం వస్తోంది" అంటే నూటికి తొంభైసార్లు స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసే ఏర్పాటు) వల్లే. పోర్ట్ లేచాక పాత పద్ధతిలో 15, 15 కలిపి 30 సెకన్లు ఆగుతుంది, ఈలోపు సిస్టమ్ అడిగి అడిగి ఊరుకుంటుంది. క్లయింట్ పోర్టులకి ఆ ఆగడం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ సెట్టింగ్ పెడితే సరి.

డిఫాల్ట్‌లో ఏముండాలి

ఇది నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌కి మొదటిసారి ఈ ఏర్పాటు చేసినప్పుడు, మెనూ ఎందుకులే అని డిఫాల్ట్‌గా నేరుగా ఇన్‌స్టాలే పెట్టాను. ల్యాబ్, రిసెప్షన్ ఒకే స్విచ్ మీద ఉన్న సంగతి నా ధ్యాసలో లేదు. శని, ఆదివారాల్లో ల్యాబ్ అంతా చక్కగా ఎక్కింది, నేను గర్వంగా ఇంటికి వెళ్లాను. సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. రిసెప్షన్ సిస్టమ్‌కి యూపీఎస్ లేదు, బయాస్‌లో నెట్‌వర్క్ బూట్ మొదట ఉంది. పది నిమిషాలకి అక్కడి అమ్మాయి నుంచి ఫోన్.

"అన్నా, నా సిస్టమ్‌ల ఏందో నల్ల స్క్రీన్ మీద లైన్లు ఉరుకుతున్నయ్. ఏమన్న పెట్టినవా?"

నేను "వెంటనే పవర్ తీసెయ్యి" అని అరిచేసరికి పార్టిషన్లు చెరిగిపోయాయి. డెస్క్‌టాప్ మీద రెండు నెలల ఎంక్వైరీల ఎక్సెల్ షీట్ ఉండేదట. ఫోన్ నంబర్లన్నీ రిజిస్టర్‌లో చూసి మళ్లీ ఎక్కించడానికి వాళ్లకి వారం పట్టింది. ఆ వారం నేను రిసెప్షన్ ముందు నుంచి తలొంచుకుని నడిచాను.

అప్పట్నుంచి నా నియమాలు మూడు. డిఫాల్ట్ ఎప్పుడూ సొంత డిస్క్ నుంచి లేవడమే. ఇన్‌స్టాల్ అనేది జాబితాలో ఉన్న ఎంఏసీ అడ్రస్‌లకే. వీలైతే ల్యాబ్‌కి వేరే వీల్యాన్, అంటే అదే స్విచ్‌లో విడి నెట్‌వర్క్. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నెట్‌వర్క్ బూట్ మొదట పెట్టిన సిస్టమ్ ఇన్‌స్టాల్ అయ్యి రీస్టార్ట్ కాగానే మళ్లీ నెట్‌వర్క్ నుంచే లేచి మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. రాత్రంతా అదే తిరుగుడు. ఇన్‌స్టాల్ చివర్లో నడిచే స్క్రిప్ట్ సర్వర్‌కి ఒక కబురు పంపి, ఆ ఎంఏసీని జాబితాలోంచి తీయించేస్తే తిరుగుడు ఆగుతుంది. నెట్‌వర్క్ ఇన్‌స్టాల్‌లు నడిపే కాబ్లర్ అనే టూల్‌లో దీనికి ఒక సెట్టింగే ఉంది, ఒక్కసారి మాత్రమే నెట్‌వర్క్ ఇన్‌స్టాల్ జరిగేలా.

లినక్స్‌లో మూడు దారులు

కిక్‌స్టార్ట్ నాకు మొదటి ఇష్టం. రాకీ, ఆల్మా, ఫెడోరా, రెడ్‌హ్యాట్ అన్నిటికీ ఒకటే రాత. దీనిలో గొప్పతనం, మొదటి ఫైల్ మనం రాయనక్కర్లేదు. ఒక సిస్టమ్‌లో చేత్తో ఇన్‌స్టాల్ చెయ్యండి, మనం నొక్కిన సమాధానాలన్నీ రూట్ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో అనకొండ-కేఎస్ అనే ఫైల్‌గా దొరుకుతాయి. దాన్నే తీసుకుని సరిచేసుకోవడం. కేఎస్‌వాలిడేటర్ అనే టూల్ రాతలో తప్పులు పట్టిస్తుంది. ఒక మోడల్‌లో డిస్క్ పేరు ఎస్‌డీఏ, ఇంకోదానిలో ఎన్‌వీఎంఈ అయితే, మొదట నడిచే ప్రీ విభాగంలో చిన్న స్క్రిప్ట్ పెట్టి ఏ డిస్క్ ఉందో చూసి దానికి తగ్గ లైన్లు కలుపుకోవచ్చు. డీవీడీ ఐఎస్‌ఓని ఎన్‌జింక్స్‌లో పెడితే బయటి ఇంటర్నెట్ లేకుండానే మొత్తం పని అవుతుంది. ఇంటర్నెట్ సన్నగా ఉన్న కాలేజీలకి ఇది పెద్ద ఊరట.

సీటీసీ నుంచి పాత సిస్టమ్స్ తెచ్చుకున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. రెడ్‌హ్యాట్ 10 నుంచి ప్రాసెసర్ ఎక్స్86-64-వీ3 స్థాయిది కావాలి, అంటే అందులో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్ ఉండాలి. ఇంటెల్ మూడో తరం ఐ5 మీద అది లేవదు. రాకీ 10దీ అదే పరిస్థితి. ఆల్మా మాత్రం పాత ప్రాసెసర్ల కోసం వీ2 వెర్షన్ విడిగా ఇస్తోంది. లేదంటే 9తో ఉండిపోండి.

డెబియన్ ప్రీసీడ్ వినడానికి పాతకాలం, రాయడానికి మొరటు. ప్రతి లైన్‌లో ప్రశ్న పేరు, దాని రకం, జవాబు. ఒక ప్రశ్నకి జవాబు మర్చిపోతే ఇన్‌స్టాలర్ అక్కడే ఆగి మనిషి కోసం చూస్తుంది. గ్రబ్ ఏ డిస్క్ మీద పెట్టాలన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇంకో ఇబ్బంది, ఫైల్ నెట్‌వర్క్ మీద రావాలంటే ముందు నెట్‌వర్క్ లేవాలి కదా. అంతకు ముందే వచ్చే ప్రశ్నలకి ఆ ఫైల్‌లో రాసినా లాభం లేదు, బూట్ లైన్‌లోనే చెప్పాలి. ఆటో అనే ఆప్షన్ భాష, కీబోర్డ్ ప్రశ్నలని వెనక్కి నెడుతుంది, సిస్టమ్ పేరుని డీహెచ్‌సీపీ నుంచి ఇప్పించుకోవచ్చు. ఇన్ని తిప్పలున్నా ప్రీసీడ్‌ని నేను వదలను. కారణం బరువు. నెట్‌బూట్ కెర్నల్, ఇనిట్ ర్యామ్ డిస్క్ కలిపి పదుల ఎంబీల్లోనే ఉంటాయి. తక్కువ ర్యామ్ ఉన్న డబ్బాల మీద కూడా లేస్తుంది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్ ఐఎస్‌ఓలోనే ఫర్మ్‌వేర్ కూడా వస్తోంది కాబట్టి, ఐఎస్‌ఓతో ఎక్కించేటప్పుడు నెట్‌వర్క్ కార్డ్ గుర్తుపట్టని గొడవ కూడా తగ్గింది.

ఉబుంటు ఆటోఇన్‌స్టాల్ సంగతి వేరు. సర్వర్ 20.04తో వచ్చింది, 24.04 డెస్క్‌టాప్‌కి కూడా పనిచేస్తుంది. యామల్ రాత, చదవడానికి హాయిగా ఉంటుంది. డిస్క్‌ని పేరుతో కాకుండా "అన్నిటికంటే పెద్దది", "ఎస్‌ఎస్‌డీ అయినది" అని లక్షణంతో చెప్పొచ్చు. కొన్ని ప్రశ్నలు మాత్రం మనిషినే అడగమని కూడా చెప్పొచ్చు. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఉద్యోగి తన పేరు, పాస్‌వర్డ్ తనే పెట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

కానీ నెట్‌వర్క్ మీద దీని నడక బరువు. మామూలు పద్ధతిలో సర్వర్ ఐఎస్‌ఓ మొత్తాన్ని ముందు ర్యామ్‌లోకి దించుకుంటుంది. 4 జీబీ ర్యామ్ సిస్టమ్ మీద మధ్యలోనే చతికిలబడుతుంది, 8 ఉంటే నిశ్చింత. ఇక లెక్క చూడండి. ఐఎస్‌ఓ రెండున్నర జీబీ అనుకుంటే 60 సిస్టమ్స్‌కి 150 జీబీ. గిగాబిట్ స్విచ్ మీద సెకనుకి 110 ఎంబీ అందినా 23 నిమిషాలు. అదే ల్యాబ్ మూలన ఉన్న పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ అయితే దాదాపు మూడు గంటల ముప్పావు. ఇదంతా ఇన్‌స్టాల్ మొదలుకాకముందు. ఉబుంటు తప్పనిసరి అయితే ముందు స్విచ్ మార్పించండి, ఆ ఖర్చు సంగతి మేనేజ్‌మెంట్‌తో ముందే మాట్లాడుకోండి.

దీనిలో చిన్న చిన్న ఉచ్చులు మూడున్నాయి. యూజర్-డేటా ఫైల్ మొదటి లైన్ క్లౌడ్-కాన్ఫిగ్ అని హ్యాష్ గుర్తుతో ఉండాలి, లేకపోతే ఫైల్‌ని పట్టించుకోదు. పక్కనే మెటా-డేటా ఫైల్ ఖాళీగానైనా ఉండాలి. బూట్ లైన్‌లో వచ్చే సెమికోలన్‌ని గ్రబ్ తనకే అనుకుని అక్కడితో లైన్ కత్తిరించేస్తుంది, కోట్స్‌లో పెట్టాలి. ఈ మూడిట్లో ఏది తప్పినా ఎర్రర్ ఏమీ రాదు. భాష ఎంచుకోమని మొదటి స్క్రీన్ ప్రశాంతంగా నిలబడి ఉంటుంది. బూట్ లైన్‌లో ఆటోఇన్‌స్టాల్ అన్న పదం మర్చిపోతే మాత్రం "కొనసాగించమంటారా" అని ఒక్క ప్రశ్న అడుగుతుంది. డిస్క్ చెరిపే ముందు అదొక రక్షణ, నా రిసెప్షన్ కథ తర్వాత దాని విలువ నాకు తెలుసు. ఇంటర్నెట్‌లో ఉబుంటు సర్వర్‌కి ప్రీసీడ్ అంటూ కనిపించే పాత పాఠాలు 22.04 నుంచి చెల్లవు, వాటితో టైమ్ పాడుచేసుకోవద్దు.

ఈ మూడిట్లో దేన్ని వాడినా జవాబుల ఫైల్‌ని ల్యాబ్‌లో ఎవరైనా బ్రౌజర్‌లో తెరిచి చదవగలరని గుర్తుంచుకోండి. పాస్‌వర్డ్ బదులు దాని హ్యాష్ (వెనక్కి తిప్పి చదవలేని రూపం) పెట్టండి. థర్డ్ ఇయర్ కుర్రాళ్లని తక్కువ అంచనా వెయ్యొద్దు.

విండోస్ దగ్గర

ఇక్కడ ఎంపికలు తగ్గుతూ వస్తున్నాయి. ఒకప్పుడు విండోస్ సర్వర్‌లో డబ్ల్యూడీఎస్, దాని పైన ఎండీటీ (రెండూ నెట్‌వర్క్ మీద విండోస్ ఎక్కించే మైక్రోసాఫ్ట్ టూల్స్) అంటే అందరికీ అదే దారి. విండోస్ 11 మీడియాలోని బూట్ విమ్‌తో డబ్ల్యూడీఎస్ నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఎండీటీ చివరి వెర్షన్ 8456 వచ్చింది 2019లో, విండోస్ 11కి దానికి అధికారిక సపోర్ట్ లేదు. ఇప్పటికే నడుస్తున్నచోట నడిపించుకోండి గానీ, కొత్తగా ఈ రోజు దాని మీద కట్టొద్దు.

నేను చేసేది ఇది. లినక్స్ సర్వర్ మీదే ఐపీఎక్స్‌ఈ, దానితో విమ్‌బూట్ ద్వారా విండోస్ పీఈ (ఇన్‌స్టాల్‌కి వాడే చిన్న విండోస్) లేపడం, అది సాంబా షేర్‌కి (లినక్స్‌లోంచి విండోస్‌కి పంచే ఫోల్డర్‌కి) కలిసి సెటప్‌ని అన్‌అటెండ్ ఫైల్‌తో నడపడం. వినడానికి మూడు మెట్లు, ఒకసారి కుదిరితే ఏళ్లు నడుస్తుంది. అన్‌అటెండ్ ఫైల్ ఎక్స్‌ఎంఎల్, చేత్తో రాయకండి, ఏడీకే కిట్‌లో ఉండే సిస్టమ్ ఇమేజ్ మేనేజర్‌తో తయారుచేసుకోండి. అందులో దాచినట్టు కనిపించే పాస్‌వర్డ్ నిజానికి బేస్64 మాత్రమే, తాళం వేసినట్టు కాదు.

గచ్చిబౌలి, మాదాపూర్‌లో ఉద్యోగులకి ల్యాప్‌టాప్‌లు ఇచ్చే కంపెనీలకి నెట్‌వర్క్ ఇన్‌స్టాలే దండగ కావచ్చు. సిస్టమ్స్‌ని క్లౌడ్ నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్ లైసెన్సులు ఎలాగూ ఉంటే దానితో నడిచే ఆటోపైలట్ చూడండి. అది ఓఎస్‌ని చెరిపి మళ్లీ వెయ్యదు, కంపెనీ వేసి పంపిన విండోస్‌నే మన ఆఫీసుకి తగ్గట్టు మారుస్తుంది. పైగా ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లకి ల్యాన్ పోర్టే ఉండదు. డాంగిల్‌తో పిక్సీ చేస్తే చాలాసార్లు ఎంఏసీ అడ్రస్ డాంగిల్‌ది వస్తుంది, అప్పుడు ఒకే డాంగిల్‌ని ఇరవై ల్యాప్‌టాప్‌లకి తిప్పితే సర్వర్‌కి ఇరవైసార్లూ ఒకే సిస్టమ్ కనిపిస్తుంది.

విండోస్ ఇమేజ్ తీసేవాళ్లు లైసెన్సు కూడా చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్సు ఇమేజ్ తీసి వేరే వాటి మీద కొట్టే హక్కు ఇవ్వదు, దానికి వాల్యూమ్ లైసెన్సు మీడియా కావాలి.

ఇమేజ్‌కే మొగ్గితే

ఫాగ్ తీసుకోండి. లినక్స్ సర్వర్ మీద పడుతుంది, బ్రౌజర్‌లో సిస్టమ్స్ అన్నీ కనిపిస్తాయి, ల్యాబ్ అసిస్టెంట్‌కి ఒక పూటలో నేర్పొచ్చు. మనం పని అప్పగించిన ఎంఏసీ అయితేనే ఇమేజ్ ఎక్కుతుంది, లేకపోతే మెనూ చూపించి డిస్క్‌కి వదిలేస్తుంది. నా రిసెప్షన్ తప్పు ఫాగ్‌తో అంత తేలిగ్గా జరగదు.

దాని అసలు బలం మల్టీకాస్ట్. 25 జీబీ ఇమేజ్‌ని 60 సిస్టమ్స్‌కి విడివిడిగా పంపితే 1500 జీబీ. మల్టీకాస్ట్‌లో ఒకే ప్రవాహాన్ని అందరూ ఒకేసారి అందుకుంటారు. అయితే అందరిలోకీ నెమ్మదైన సిస్టమ్ వేగమే అందరి వేగం. మూలన ఒక్క చచ్చుపడిన హార్డ్‌డిస్క్ ఉన్నా 59 మంది దాని కోసం ఆగుతారు. అలాంటి వాటిని ముందే పక్కకి తప్పించి విడిగా చేసుకోండి. సాదా స్విచ్ అయితే మల్టీకాస్ట్ అన్ని పోర్టులకీ వరదలా పారి పక్క డిపార్ట్‌మెంట్‌కి నెట్ నత్తనడక అవుతుంది, అడిగిన పోర్టులకే మల్టీకాస్ట్ పంపే ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ కావాలి.

క్లోన్‌జిల్లా నాకు అత్యవసర పెట్టెలో ఉంటుంది. ఒకటి రెండు సిస్టమ్స్‌కి దాన్ని మించినది లేదు. ల్యాబ్ మొత్తానికి దాని సర్వర్ ఎడిషన్ ఉంది గానీ రోజువారీ వాడకానికి ఫాగ్ సుఖం.

కాబ్లర్, ఫోర్‌మన్, మాస్ గురించి క్లుప్తంగా. కాబ్లర్ రాసిన మైకేల్ డిహాన్ తర్వాత ఆన్సిబుల్ (చాలా సిస్టమ్స్‌లో సెట్టింగ్‌లు ఒకేసారి పెట్టే టూల్) కూడా రాశాడు. నాలుగైదు డిస్ట్రోలు, వేర్వేరు జవాబుల ఫైళ్లు తరచూ మార్చేచోట కాబ్లర్ పనికొస్తుంది. ఫోర్‌మన్ రెడ్‌హ్యాట్ వాళ్ల మేనేజ్‌మెంట్ టూల్ శాటిలైట్‌కి ఆధారం, పూర్తి టైమ్ అడ్మిన్ లేనిచోట పెట్టొద్దు. ఉబుంటు కంపెనీ కెనానికల్ వాళ్ల మాస్ సర్వర్ రాక్‌ల కోసం పుట్టింది. ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే ఏర్పాటు) ద్వారా తనే సర్వర్‌ని ఆన్ చేసి, చూసి, ఓఎస్ వేసి అప్పగిస్తుంది. డెస్క్‌టాప్‌లకి ఐపీఎంఐ ఉండదు కాబట్టి ల్యాబ్‌లో దాని సొగసు సగం వృథా.

ఎవరికి ఏది

లినక్స్ బ్యాచ్‌లు నడిపే కోచింగ్ సెంటర్, పదిహేను రోజులకోసారి అన్నీ తుడిచి కొత్తగా ఇవ్వాలి: రాకీ 9, కిక్‌స్టార్ట్, డీవీడీ ఐఎస్‌ఓ సర్వర్‌లోనే. పిల్లలకి కిక్‌స్టార్ట్ కూడా నేర్పినట్టవుతుంది.

ఇంజినీరింగ్ కాలేజీ, ఒకే టెండర్‌లో కొన్న ఒకే మోడల్ సిస్టమ్స్, బరువైన సాఫ్ట్‌వేర్: ఫాగ్, మల్టీకాస్ట్, ఏడాదికి రెండుసార్లు ఇమేజ్. సీఎస్‌ఈ ల్యాబ్‌లో మాత్రం ఉబుంటు, జీసీసీ, పైథాన్ మాత్రమే కావాలంటే జవాబుల ఫైల్ చాలు. ర్యామ్ తక్కువైతే ఉబుంటు పట్టుదల వదిలి డెబియన్ ఇవ్వండి, సి ప్రోగ్రామ్ కంపైల్ చేసేవాడికి తేడా తెలియదు.

పదిహేను ల్యాప్‌టాప్‌ల స్టార్టప్ అయితే నాకు ఫోన్ చేసినా నేను చెప్పేది ఒక్కటే, పెన్‌డ్రైవ్ వాడండి. కానీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే జవాబుల ఫైల్ పెట్టుకోండి. ఆటోఇన్‌స్టాల్ అయినా, అన్‌అటెండ్ అయినా యూఎస్‌బీ నుంచి కూడా పనిచేస్తాయి. నెట్‌వర్క్ బూట్ కట్టే రెండు రోజులు మిగులుతాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక చెయ్యాల్సిన పనులన్నీ జవాబుల ఫైల్ చివర స్క్రిప్ట్‌లోకి దూర్చే యావ నాకూ ఉండేది. ఇప్పుడు అక్కడ ఒక యూజర్, ఎస్‌ఎస్‌హెచ్ కీ మాత్రమే పెడతాను, మిగతాది ఆన్సిబుల్‌తో. స్క్రిప్ట్‌లో తప్పు ఉంటే మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలి, ఆన్సిబుల్‌లో తప్పు ఉంటే ఆ ఒక్క మెట్టు మళ్లీ నడిపితే చాలు. ముందు వర్చువల్ మెషిన్ మీద, తర్వాత ఒక్కో మోడల్ నుంచి ఒక్కో అసలు సిస్టమ్ మీద చూసుకున్నాకే ల్యాబ్ మీదికి వెళ్లండి.

ఇక ఎంఏసీ అడ్రస్‌ల జాబితా ఎలా అంటే, ఒక్కో క్యాబినెట్ వెనక టార్చ్ వేసి చదవక్కర్లేదు. డీఎన్‌ఎస్‌మాస్క్ లాగ్ తెరిచిపెట్టి, మొదటి వరుస మొదటి సీటు నుంచి ఒక్కో సిస్టమ్‌నీ నెట్‌వర్క్ బూట్‌తో ఆన్ చేస్తూ వెళ్లండి. ఒక్కోదానికీ మధ్య అర నిమిషం ఆగితే లాగ్‌లో అదే వరుసలో పడతాయి, సీటు నంబరే సిస్టమ్ పేరు అవుతుంది. మధ్యలో అసిస్టెంట్ "సార్, ఇది ఆన్ అయితలేదు" అంటే ఆ సీటుకి జాబితాలో ఒక ఖాళీ లైన్ వదలండి. నేను ఒకసారి వదల్లేదు. 23 నుంచి 60 దాకా పేర్లన్నీ ఒక సీటు ముందుకి జరిగిపోయాయి, ప్రాక్టికల్ పరీక్ష రోజున ఒకడి ప్రోగ్రామ్ ఇంకొకడి పేరు మీద సబ్మిట్ అయ్యేదాకా ఎవరూ గమనించలేదు.